బోల్తా మేడమ్

సరస్సు ఒడ్డున తెరచాప పడవ నడపడం నేర్పే ఆవిడను అందరూ బోల్తా మేడమ్ అనేవారు. చాటుగానే లెండి. ఎదురుగా అనే ధైర్యం ఎవరికుంది? ఆవిడ నోట్లో నోరు పెట్టి గెలిచినవాడు లేడు. కొత్తవాళ్లను, ఇద్దరు ఎత్తి మోయగలిగే తేలిక పడవలో ఎక్కించి, లోతుకు తీసుకెళ్లి, మొదటి పాఠంగా పడవనే బోల్తా కొట్టించేది. "ఏడుపు తర్వాత! ముందు పలక మీద నిలబడు!" అని అరిచేది. పడవ అడుగున పొడుచుకొచ్చిన పలక మీద నిలబడి, అంచు పట్టుకుని వెనక్కి వాలితే, నీళ్లలో పడుకున్న తెరచాప లేస్తుంది. అది వచ్చాకే చుక్కాని ముట్టనిచ్చేది.

భర్త పోయాక ఆ బడి మరిది చేతికొచ్చింది. వాళ్లిద్దరికీ మొదటినుంచీ ఉప్పూ నిప్పూ.

"జనం సరదాకొస్తారు వదినా, ముక్కుల్లోకి నీళ్లెక్కించుకోడానికి కాదు. ఇంకొక్క ఫిర్యాదు వచ్చిందో, పడవల షెడ్డు తాళాలిచ్చేసి పైగది ఖాళీ చెయ్యండి," అన్నాడు.

ఆవిడకున్న ఇల్లల్లా ఆ పైగదే.

మర్నాడే అతని భార్య కొత్త లైఫ్ జాకెట్ బిగించుకుని పాఠానికొచ్చింది. ఏడాదిగా పలకరింపైనా లేని తోడికోడలు! ఎందుకొచ్చిందో తెలియనంత అమాయకురాలు కాదు ఆవిడ. ఫిర్యాదే కాళ్లతో నడిచొచ్చిందనుకుంది.

ఆరోజు ఆవిడ మాటలకు తేనె పూసింది. "జాగ్రత్తమ్మా, తల వంచుకో," అంటూ, పసిపాపను ఉయ్యాల్లో ఊపినట్టు పడవను తిప్పింది. చిన్నకోడలి మొహం మాడిపోయింది.

"అందర్నీ ముంచుతావటగా. నన్నెందుకు ముంచవక్కా?"

"నేర్పాలనుకున్నవాళ్లనే ముంచుతాను. నీకు నేర్పాలని నాకు లేదు. రేపు గాలికి తిరగబడితే మీ ఆయన్ని కేకేసుకో."

ఏడాది కసి కక్కేశాక ఆవిడకు హాయిగా అనిపించింది. ఆ హాయి ఎంతోసేపు నిలవలేదు. చిన్నకోడలు పళ్లు బిగించి, పడవ అంచు పట్టుకుని, ఒళ్లంతా బయటికి వేలాడేసింది. అంత తేలిక పడవ ఆగుతుందా? ఇద్దరూ నీళ్లలో పడ్డారు.

"ఇప్పుడు నేర్పు!" అంది చిన్నకోడలు నీళ్లు ఉమ్ముతూ.

"మొండిఘటం! ఎక్కు పలక!"

జారి జారి, తిట్లు తిని తిని, చివరికి నిలబడింది. పడవ లేచింది.

ఒడ్డున మరిది చెయ్యి చాపుకుని ఉన్నాడు. "తాళాలు," అన్నాడు వదినతో. భార్య వైపు తిరిగి, "ముంచిందిగా? ఫిర్యాదు చెప్పు," అన్నాడు.

ఆవిడ జేబులో తాళాలు పిడికిట బిగించింది. ఈ వయసులో ఎక్కడికి పోవాలో తెలియక భయం వేసింది. ఇక ఇవ్వక తప్పదనుకుంది.

చిన్నకోడలు జుట్టు పిండుకుంది. "ఉంది ఫిర్యాదు. ఈవిడ నన్ను ముంచలేదు. నాకు నేనే మునగాల్సొచ్చింది."

మరిది చాపిన చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

బోల్తా మేడమ్ థాంక్స్ చెప్పలేదు. "గుడ్లప్పగించి చూస్తావేం? అటువైపు పట్టు," అని చిన్నకోడల్ని కసిరింది. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండానే ఇద్దరూ పడవ ఎత్తుకెళ్లారు. షెడ్డు తాళం ఆవిడే తీసింది.