ఎడమ చేత్తో తిన్న ఆదివారం

మొన్న కుప్పంలో ఉన్న మా చెల్లెలి దగ్గరికి పోదామని మదనపల్లెలో పుంగనూరు మీదుగా పోయే బస్సెక్కాను. ముందు సీట్లో ఒక అవ్వ తన మనవరాలి చేతి మీద ఫట్టున కొట్టింది. ఆ పాప చేసిన నేరమల్లా ఎడమ చేత్తో బన్ను తినడమే. నాకు ఇక కూర్చోబుద్ధి కాలేదు. డెబ్బై దాటినదాన్ని, కదిలే బస్సులో కమ్మీ పట్టుకుని లేచి, రెండు చేతులూ పైకెత్తు తల్లీ, ఒకసారి నవ్వు తల్లీ అని పాపను బతిమాలాను. పాప చేతులెత్తి, ఊడిన పళ్ల సందులన్నీ కనబడేలా నవ్వింది. "యాలమ్మా, మా పాపను పట్టుకోని సతాయిస్తాండావు? అది పుట్టినకాణ్ణుంచీ ఎడంసెయ్యే!" అని అవ్వ కసురుకుంది. దేవుడికి స్తోత్రం అనుకుని కూర్చున్నాను గానీ, పుంగనూరు దాటేదాకా ఆ పాప చేతుల మీది నుంచి కళ్లు తిప్పలేదు.

ఆ భయం ఈనాటిది కాదు. నేను మదనపల్లెలో నర్సు చదువు చదివే రోజుల్లో, పుంగనూరులో అమ్మ దగ్గర మా చెల్లెలు ఉండేది. ఎనిమిదేళ్ల పిల్ల, వసపిట్ట, దాని నోటికి తాళం వేసేవాడు ఊళ్లో లేడు. ఒక ఆదివారం, నేనూ ఇంటికి వచ్చి ఉండగా, ఆరాధన అయ్యాక పాస్టరయ్యగారు మా ఇంటికి భోజనానికి వచ్చారు. అయ్యగారు ఇంటికొస్తే మా వీధిలో ఎంత హడావుడో మీకు తెలియంది కాదు. అరువు తెచ్చిన కంచాలు, ఉతికిన దుప్పటి, పిల్లలకు ముందు రోజు నుంచే బుద్ధులు. అందరం వరుసగా కూర్చున్నాం. ప్రార్థన ముగిసిందో లేదో, ఎప్పుడూ కుడి చేత్తో తినే మా చెల్లెలు ఎడమ చేత్తో సంగటి ముద్ద తుంచి నోట్లో పెట్టుకుంది.

అయ్యగారి ముందు పరువు పోయిందనిపించింది. కుడి చేత్తో తినమని గుడ్లురిమాను. అది ఉలకలేదు, పలకలేదు, నా ముఖం చూస్తూ మళ్లీ ఎడమ చెయ్యే కంచంలో పెట్టింది. అంత వాగుడుకాయ ఒక్క మాటా మాట్లాడకపోతే నర్సు చదివేదానికి అనుమానం రావద్దా? నాకు పొగరనిపించింది, చెంప ఛెళ్లుమనిపించాను. అది ఏడ్చుకుంటూ లేచిపోయి మూల చాప మీద పడుకుంది. అలిగిందిలే అనుకుని ఎవరమూ కదిలించలేదు.

తెల్లారి లేపితే మూతి ఒక పక్కకు లాగేసి ఉంది. కుడి చెయ్యి, కుడి కాలు వేలాడిపోతున్నాయి. పక్కింటామె గాలి సోకిందనీ పసరు పోయించమనీ చెబుతూనే ఉంది, నేను దాన్ని భుజాన వేసుకుని, అమ్మను వెంటబెట్టుకుని మదనపల్లె మొదటి బస్సుకు పరుగెత్తాను.

ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగిన మొదటి మాట, ఇది ఎప్పటి నుంచి అని. అమ్మ నా వైపు చూసింది. నాకు పాఠాలు చెప్పే డాక్టరమ్మ ఆమె. నిన్న మధ్యాహ్నం నుంచని చెబితే, మరి నిన్ననే ఎందుకు తేలేదని అడుగుతుంది. "పొద్దున్నుంచేనమ్మా" అన్నాను. అమ్మ తల వంచుకుంది.

పక్షవాతమంటే తాతలకు, బీపీ మనుషులకు వచ్చే జబ్బని నేననుకున్నాను. గుండెలో లోపమున్న పిల్లలకు, రక్తం తొందరగా గడ్డకట్టే పిల్లలకు కూడా వస్తుందనీ, మా చెల్లెలికి నాలుగు నెలల ముందు ఆటలమ్మ పోసిందే, అది తగ్గాక కూడా మెదడులోని రక్తనాళం వాచి మూసుకుపోయి ఉండవచ్చనీ డాక్టరమ్మ ఓపికగా చెప్పింది. చిన్నపిల్ల గనుక కోలుకుంటుందని కూడా అంది. కోలుకుంది, కొంతవరకు. మూణ్ణెల్లకు నడిచింది, మాట మెల్లగా వచ్చింది, ఆ జబ్బుతో పట్టుకున్న మూర్ఛకు ఏళ్ల తరబడి మాత్రలు మింగింది. కుడి చెయ్యి మాత్రం ఈనాటికీ జాకెట్టు గుండీ పెట్టలేదు. ఆ పిల్లే ఎడమ చేత్తో రాసి పది పాసై, కుప్పంలో బడి పంతులమ్మ అయింది.

ఇప్పుడు చేతులెత్తించి, నవ్వించి చూస్తే పక్షవాతమో కాదో తెలిసిపోతుంది, ఫోను కొడితే అంబులెన్సు వస్తుంది, స్కానింగులున్నాయి, గడియారం చూసి వైద్యం చేస్తారు. ఆనాడు నేను నిజం చెప్పినా పెద్దగా చేయగలిగింది లేదేమో. ఆ మాట నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో! ఎన్నిసార్లు చెప్పుకున్నా మనసు కుదుటపడలేదు.

ఆ రోజు కుప్పం చేరి, చెప్పులు విప్పకుండానే, నడవాలో అటూ ఇటూ తిరుగుతూ అంతా దానితో కక్కేశాను. నా చెల్లెలు చింతపండు ఒలుస్తూ తలెత్తకుండా వింది.

"నాకు తెల్సు గదక్కా. నువ్వు డాక్టరమ్మకు పొద్దున్నుంచే అని సెప్తాంటే మేలుకోనే ఉండాను. కాదు, నిన్నట్నుంచి అని సెప్పాలని సూసినా. మాట రాలేదు" అంది.

అయిదారు దశాబ్దాలు ఆ మాట కడుపులో పెట్టుకుని నాకు అన్నం పెట్టింది, నా పిల్లల్ని ఎత్తుకుని తిప్పింది. మన కాలంలో పెద్దవాళ్ల తప్పుల్ని పిల్లలు అలాగే దాచుకునేవాళ్లు. అదే మంచితనమని మనం మురిసిపోయేవాళ్లం. ఈ కాలం పిల్లలకు నోరెక్కువని నేనూ విసుక్కుంటాను. ఇకమీదట విసుక్కోను. ఎదురు చెప్పనీ, అరవనీ, పదిమంది ముందు నన్ను అబద్ధాలకోరు అననీ.