బోర్డరు పైన పువ్వులు

డిగ్రీ ఇంగ్లీషుతో పాసై, టీచరు పరీక్షకి చదువుకుంటూ ఇంట్లో ఉన్న రోజులవి. నరసాపురం పక్కనే మా ఊరు. మా వీధి చివర లేసు పని చేయించే ఒకావిడ ఉండేవారు. చుట్టరికం లేదు గాని వీధంతా పిన్నిగారనే పిలిచేది. పద్నాలుగు మంది ఆడవాళ్లు ఆవిడ దగ్గర పని తీసుకునేవారు. మధ్యాహ్నం అన్నాలయ్యాక వాళ్లలో చాలామంది ఆవిడ వరండాలోనే చాపలు పరుచుకుని కూర్చుని అల్లేవారు. విదేశాల నుంచి మెయిలు వస్తే చదివి తెలుగులో చెప్పడం నా పని.

ఆ వేసవిలో ఇంగ్లండులో చిన్న కొట్టు నడిపే ఒకావిడ టేబుల్ క్లాతులు కావాలని రాసింది. తెల్ల గుడ్డ, చుట్టూ లేసు బోర్డరు, దానికి ఎబవ్ చిన్న పువ్వుల వరస అని ఉంది ఆ మెయిల్లో. పువ్వు ఎలా ఉండాలో ఫోటో పంపింది గాని ఎక్కడ ఉండాలో ఫోటో లేదు. నేను గుమ్మంలో నిలబడే ఫోన్లో చదివి చెప్పేశాను.

"బోర్డరు పైన పువ్వుల వరస కావాలంటున్నారండి."

"పైనే కదా, సరే," అన్నారు పిన్నిగారు.

వారం పైన గడిచింది. ఒక పొద్దున్న పరీక్ష పుస్తకంలో ఇంగ్లీషు ఖాళీలు పూరిస్తున్నాను. బల్ల, దాని మీద పుస్తకం, పైన తిరుగుతున్న ఫ్యాను ఉన్న బొమ్మ ఒకటి. పుస్తకానికి ఆన్ అని, ఫ్యానుకి ఎబవ్ అని రాశాను. రెండూ ఒప్పే. చదివింది గుర్తుండాలని పక్కనే తెలుగు అర్థం రాసుకోవడం నాకలవాటు. బల్ల పైన పుస్తకం, బల్ల పైన ఫ్యాను అని రాసి ఆగిపోయాను. రెండిటికీ పైన అనే రాశాను. పుస్తకం బల్లకి ఆనుకుని ఉంది, ఫ్యాను ఆనుకుని లేదు.

మెయిల్లోనూ ఎబవ్ అనే ఉందని గుర్తొచ్చి వెంటనే పిన్నిగారి వరండాకి వెళ్లాను. ఇంకా ఎవరూ రాలేదు. పూర్తయిన క్లాతులు మడతపెట్టి బల్ల మీద ఉన్నాయి. ఒకటి విప్పి చూశాను. పువ్వులన్నీ సరిగ్గా లేసు మీదే కూర్చున్నాయి. ఎంత ముద్దుగా కుట్టారో. ఆ ముద్దు చూసేసరికి క్లాతు మళ్లీ మడతపెట్టేశాను.

"ఏంటమ్మా, పొద్దున్నే వచ్చావు?" అన్నారు పిన్నిగారు లోపల్నించి.

"ఏం లేదండి, ఊరికే," అని వచ్చేశాను.

ఆ తరవాత రెండు రోజులు నేను ఒక్కచోట కూర్చోలేదు. ఆ మెయిలు ఎన్నిసార్లు తెరిచానో. చదివిన ప్రతిసారీ ఎబవ్ అనే ఉంది. రేవు దాకా నడిచి, గోదావరి దాటించే పంటు ఎక్కే మనుషుల్ని కాసేపు చూసి, వెనక్కొచ్చేదాన్ని. ఏదో ఒక వంకతో వరండాకి వెళ్లేదాన్ని. అక్కడ అందరికంటే వేగంగా కుట్టే అక్క ఒకావిడ ఉండేది. తల ఎత్తకుండా పువ్వు తరవాత పువ్వు కుట్టేస్తుంటే నేను వాటిని లెక్కపెడుతూ నిలబడేదాన్ని. ఒకవేళ ఆ ఇంగ్లండావిడకి ఇదే నచ్చుతుందేమో అనుకునేదాన్ని. అలా అనుకుంటూ ఉండగానే ఇంకో రెండు క్లాతులు పూర్తయ్యాయి.

మూడో రోజు అందరూ ఉండగానే చెప్పేశాను. "పిన్నిగారూ, నేను తప్పు చెప్పానండి. పువ్వులు లేసు మీద కాదండి. లేసు వదిలేసి, దానికి పైన, గుడ్డ మీద."

ఆవిడ ఒక క్లాతు విప్పి చూశారు. "ఎగువన అన్నమాట," అన్నారు.

"అవునండి."

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"మొన్న పొద్దున్న వచ్చాను కదండి. అప్పుడే."

"అయితే ఈ రెండు రోజులూ వాళ్లు కుడుతుంటే చూస్తూ ఊరుకున్నావా?"

తప్పు చెప్పినందుకు ఆవిడ ఒక్క మాటా అనలేదు. ఊరుకున్నందుకే అడిగారు.

అక్కడే కూర్చుని ఇంగ్లండుకి మెయిలు రాశాను. పువ్వులు ఇప్పుడెక్కడ ఉన్నాయో, ఎక్కడ ఉండాలని నేననుకుంటున్నానో రాసి, ఫోటో జత చేసి, పొరపాటు నాదేనని చివర్లో చెప్పాను. జవాబు మర్నాటికి గాని రాలేదు. ఇంగ్లండావిడ మర్యాదగానే రాసింది. లేసుకి అంగుళం ఎగువన, గుడ్డ మీదే కావాలని, మార్చగలిగితే మూడు వారాలు ఆగుతానని.

పదకొండు క్లాతుల పువ్వులు విప్పాలి. అందరిలోకీ పెద్దావిడ, "విడిగా అల్లి కుట్టినవే కదా, ఊడొస్తాయిలే," అని మొదటి కుట్టు తనే తెంపింది. నేనూ పక్కన కూర్చున్నాను. రెండో పువ్వుకే కత్తెర కొన తగిలి కింద లేసు దారం తెగింది. పెద్దావిడ నా చేతిలోంచి కత్తెర తీసుకుని, "నువ్వు పువ్వులు లెక్కపెట్టి పొట్లాలు కట్టమ్మా," అంది. తెగినచోట ఆవిడే అతికింది. ఈసారి ఎక్కడ కుట్టాలో నేను కాగితం మీద గీసి, స్కేలు పెట్టి కొలిచి, ప్రతి చాప దగ్గరికీ వెళ్లి చూపించాను.

వేగంగా కుట్టే అక్కవి ఆ పదకొండులో నాలుగు. విప్పినన్నాళ్లూ నాతో మాట్లాడలేదు. నేను వెళ్లి కూర్చుంటే చాప కాస్త అవతలికి జరుపుకునేది.

క్లాతులు అనుకున్న గడువులోనే వెళ్లాయి. కొన్నాళ్లకి ఇంగ్లండు నుంచి మెయిలొచ్చింది. వరండాలో అందరి ముందూ చదివాను. "చాలా బాగున్నాయంటున్నారండి. ఒక్కదానికీ వంక పెట్టలేదు." పిన్నిగారు నవ్వారు. తలా ఒక మాట అన్నారు. ఆ అక్క మాత్రం సూది ఆపి, చాలా రోజుల తరవాత నా వైపు చూసింది.

"నావి మొదట కుట్టినవే బాగున్నాయమ్మా. విప్పిన పువ్వు మళ్లీ అంత బిర్రుగా నిలబడదు. వాళ్లకి తెలీదు, నాకు తెలుస్తుంది."

కోపంగా అనలేదు. అనేసి మళ్లీ అల్లికలో పడిపోయింది. నేను చెప్పులేసుకుని ఇంటికి వచ్చేశాను.