వహీదా బీ కళ్లలో నీళ్లు

నాకు మతిమరుపు వచ్చిందని మా ఇంట్లో గొణుగుతుంటారు. నిజంగా వస్తే బాగుండు. తాళంచెవి ఎక్కడ పెట్టానో గుర్తుండదు గానీ, మరిచిపోవలసిన ఒక్క సంగతి మాత్రం అక్షరం పోకుండా ఉంది. ఆదోనిలో పత్తి నుంచి గింజ తీసే ఒక జిన్నింగ్ ఫ్యాక్టరీ ఆఫీసులో నేను హెడ్ క్లర్కుగా ఉన్న రోజులవి. ఎవరింట్లో ఏం జరిగినా ఈ సుబ్బన్నే వెళ్లి చక్కబెట్టాలని నాకు నేనే అనుకునేవాణ్ణి. ఎవరూ పిలిచేవాళ్లు కాదు.

డెబ్బై ఎనిమిదిలో వహీదా బీ టైపిస్టుగా చేరింది. ఎమ్మిగనూరు పిల్ల. అక్కడే టైపు నేర్చుకుని, పెళ్లయ్యాక ఆదోనికి వచ్చింది. మొగుడు ఖాసిం సాబ్ దూది ఏకి పరుపులు కుట్టేవాడు. మనిషి గుంజలా ఉండేవాడు, మాట తక్కువ. ఆమెకు ముందు తిక్కయ్య అనే టైపిస్టు ఉండేవాడు. చూపు తగ్గి తప్పులు కొడుతున్నాడని యజమాని అతన్ని ఒక్క పూటలో ఇంటికి పంపేశాడు. ఆ ఉత్తరం రాసింది నేనే. వహీదా బీ వచ్చిన మొదటి రోజే ఆ కథ ఆమెకు చెప్పి, "కండ్లు జాగర్తమ్మా. ఈడ కండ్లుంటేనే కుర్చీ" అన్నాను. మంచి మాట చెప్పాననే అనుకున్నాను.

పని మాత్రం చూడముచ్చటగా చేసేది. యజమాని చేతిరాత చీమలు సిరాలో పడి లేచి నడిచినట్టుండేది. దాన్ని చూసి నాలుగు కాగితాల మధ్య మూడు కార్బన్లు పెట్టి కొట్టాలి. ఒక్క అక్షరం తప్పితే నాలుగూ పాడు. అందుకని వాక్యం పూర్తయ్యేదాకా రెప్ప కూడా వేసేది కాదు. పొద్దున పదికి కూర్చుంటే సాయంత్రం ఆరుదాకా అదే వరస. మా గది కిటికీ ఫ్యాక్టరీ వైపు ఉండేది. దూది పొట్టు లోపలికి వచ్చి నా కాగితాల మీద వాలుతోందని నా బల్ల మీది ఫ్యానును అడ్డంగా తిప్పి పెట్టుకున్నాను. పొట్టుతో సహా ఆ గాలి తిన్నగా ఆమె ముఖానికి కొట్టేది. ఆడబిడ్డకు గాలి తగలాలని నా ఫ్యాను ఇచ్చానని నలుగురికీ చెప్పుకున్నాను కూడా.

నాలుగు నెలలు తిరిగేసరికి మధ్యాహ్నమయ్యిందంటే ఆమె కళ్లు ఎర్రబడేవి. నీళ్లు చెంపల మీదికి కారేవి. కొంగుతో తుడుచుకుని మళ్లీ టైపు కొట్టేది. ఏమిటమ్మా అంటే "ఏం లేదు సార్" అనేది. అటెండరు మాదన్న ఒకరోజు టీ పెడుతూ నా చెవిలో వేశాడు.

"మొగుడు కొడతాండాడేమో సార్. పొద్దంతా దూదిని బాదే సెయ్యి, పెండ్లాం కాడ ఊరికే ఉంటాదా?"

నిప్పు లేనిదే పొగ రాదన్నారు. పొగ కళ్ల ముందే ఉంది కదా, నిప్పు వెతకడమెందుకనుకున్నాను. ఆమెను ఇంకో మాట అడగలేదు. అడిగితే ఆడది చెప్పుకుంటుందా అని నాకు నేనే సమాధానం చెప్పుకున్నాను.

వాళ్ల పేట మసీదు పెద్ద గఫూర్ సాబ్ నాకు పాత స్నేహితుడు. ఆ పేటలో ఆలుమగల తగువులు ఏవొచ్చినా శుక్రవారం నమాజు అయ్యాక మసీదు అరుగు దగ్గర పిలిచి అడగడం ఆనవాయితీ. నేను పోయి చెప్పాను.

"నీ కండ్లతో సూసినావా సుబ్బన్నా?" అన్నాడు గఫూర్ సాబ్.

"ఆ పిల్ల కండ్లు దినామూ సూస్తాండాను. ఇంగేం సూడల్ల?" అన్నాను.

ఆ శుక్రవారం ఎదురుగా టీ కొట్టులో నిలబడి అంతా చూశాను. ముప్పై నలభై మంది ఉన్నారు. ఖాసిం సాబ్‌ను అరుగు ముందు నిలబెట్టి, పెండ్లాన్ని కొడుతున్నావా అని అడిగారు. అతను తల ఎత్తాడు. రోడ్డుకు ఇవతల ఉన్న నన్ను చూశాడు. ఏదో అనబోయి ఆగిపోయాడు. "తప్పయింది మామా. ఇంగ సెయ్యి ఎత్తను" అన్నాడు. చెవులు పట్టుకోమన్నారు. అంత మనిషీ అందరి ముందూ చెవులు పట్టుకున్నాడు.

ఒక కాపురం నిలబెట్టానని నేను ఆఫీసులో చెప్పాను, మంగలి అంగట్లో చెప్పాను, బస్టాండులో చెప్పాను. ఆమె కళ్లలో నీళ్లు మాత్రం ఆగలేదు. వీడెంత మొండివాడో అని తిట్టుకున్నాను.

మరుసటి ఎండాకాలం వహీదా బీ పుట్టింటికని రెండు రోజులు సెలవు పెట్టింది. అర్జంటుగా ఒక ఉత్తరం పోవాలి. నాకు టైపు కొద్దిగా వచ్చు కాబట్టి ఆమె కుర్చీలో కూర్చున్నాను. తప్పు పడుతుందనే భయంతో కాగితం మీంచి చూపు తిప్పలేదు. ఫ్యాను ఎప్పటిలాగే తిరుగుతోంది. అరగంటకు కళ్లలో ఇసుక పోసినట్టు గరగరలాడింది. గంటకు మంట. ఆ తర్వాత నీళ్లు, తుడుస్తున్నా ఆగని నీళ్లు.

మాదన్న టీ తెచ్చి నన్ను చూసి గ్లాసు పట్టుకుని నిలబడిపోయాడు. "ఏం సార్, ఇంట్లో ఏమన్నా అయిందా?" అన్నాడు.

తల తిప్పి చూస్తే ఎదురుగా నా ఫ్యాను. గురివింద తన నలుపెరగదంటారు. నా నలుపు నాకు అప్పుడు తెలిసింది. లేచి ఫ్యాను కట్టేశాను. నా పెళ్లాం నన్ను కొడుతోందని మాత్రం ఎవరూ పోయి ఏ పెద్దకూ చెప్పలేదు.

సాయంత్రం ఖాసిం సాబ్ అంగడికి పోయాను. దూది ఏకుతున్నవాడు నన్ను చూసి విల్లు పక్కన పెట్టి, కూర్చోమని బస్తా చూపించాడు. నేను కూర్చోలేదు. ఫ్యాను సంగతి చెప్పాను.

"యామె పోయింది పుట్టింటి పని మీద కాదు సార్. ఎమ్మిగనూరులో కండ్ల డాక్టరు కాడికి పోయింది. నిన్ననే మనిషితో కబురంపింది" అన్నాడు. "రెప్ప ఆడించక, గాలికి కూకుంటే కండ్లు ఎండిపోతాయంట. ఎండిపోయిన కండ్లకే ఊరికే నీళ్లు కారతాయంట. సుక్కల మందిచ్చినాడు."

"మరి ఆ పొద్దు మసీదు కాడ కొట్టలేదని సెప్పొచ్చు గదప్పా. ఎందుకు ఒప్పుకున్నావు?"

"కొట్టలేదంటే, మరి ఎందుకు కండ్లనీళ్లని అడుగుతారు. మీరు ఎదురుగానే నిలబడుకోనుండారు. కండ్ల జబ్బని తెలిస్తే తిక్కయ్య మాదిరి పంపిస్తారని యామెకు దినామూ బయమే. నాకు సెడ్డపేరొస్తే ఏముంది సార్, నా సేత పరుపులు కుట్టించుకునేది మానరు గదా." కాసేపు దూది వేళ్లతో సవరించి, "యజమానికి మాత్రం తెలీనియ్యొద్దు" అన్నాడు. ఇంకేమీ అడగలేదు.

మర్నాడు ఫ్యాను గోడవైపు తిప్పాను. కిటికీకి తడికె కట్టించాను. కార్బన్ కాగితాలు కొత్తవి తెప్పించాను. యజమానికి ఏమీ తెలియలేదు. నెల తిరిగేసరికి వహీదా బీ కళ్లు తేటపడ్డాయి. దాంతో ఏమైందంటే, గఫూర్ సాబ్ బజారులో నా భుజం తట్టి, "సూస్తివా సుబ్బన్నా, నీ పుణ్యాన దావకొచ్చినాడు" అన్నాడు.

అప్పుడు చెప్పి ఉండాల్సింది. కళ్ల మాట ఎత్తకుండానే, నేను పొరపాటు పడ్డాను, అతను కొట్టలేదు అంటే సరిపోయేది. చెబుదామని రెండుసార్లు గఫూర్ సాబ్ అంగడికి పోయి టీ తాగి వచ్చేశాను. ఊరంతా చాటుకున్న గొప్పను వెనక్కి తీసుకోవడానికి నోరు రాలేదు. ఆ తర్వాత ఖాసిం సాబ్ కనిపిస్తే పక్క సందులోకి తిరిగేవాణ్ణి. పిరికితనానికి ఏడేళ్లు ఎంత తొందరగా గడుస్తాయో నాకు తెలుసు.

ఎనభై ఆరులో ఖాసిం సాబ్ ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. ఖబరస్తాన్‌లో మట్టి వేశాక గఫూర్ సాబ్ అన్నాడు, "ఒకప్పుడు పెండ్లాం మీద సెయ్యి సేసుకున్నా, పెద్దల మాట ఇని మారినాడు. మంచోడు." అందరూ తలలూపారు. చేతికి అంటిన మట్టి దులుపుకుంటూ నేనూ అక్కడే ఉన్నాను. నా నోరు అప్పుడూ లేవలేదు.

మొగుడు పోయినామె ఇంటిపట్టునే ఉండే నాలుగు నెలల పది రోజుల ఇద్దత్ గడిచాక వహీదా బీ పనిలోకి వచ్చింది. మొదటి కాగితం ఎక్కించగానే కళ్లు నిండాయి. గదిలో అందరూ ఆమెనే చూస్తున్నారు.

"సార్, ఆ ఫ్యాను రోంత నా పక్కకు తిప్పండి" అంది.

"కండ్లకు మంచిది కాదు కదమ్మా."

"తెల్సు సార్. ఎవరన్నా అడిగితే గాలికి అని సెప్పుకుంటా."

తిప్పాను. ఆమె ముఖం వైపు చూడలేకపోయాను.

ఆ శుక్రవారం నమాజు అయ్యేదాకా కాచుకుని, టీ కొట్టులో కాదు, మసీదు అరుగు ముందర, అతన్ని నిలబెట్టిన చోటే నిలబడ్డాను. ఖాసిం సాబ్ ఎన్నడూ పెండ్లాన్ని కొట్టలేదని, ఆ మాట పుట్టించింది నేనేనని, ఏడేళ్లుగా తెలిసీ దాచానని అందరి ముందూ చెప్పాను. చెవులు పట్టుకున్నాను.

గఫూర్ సాబ్ అరుగు దిగి వచ్చి నా చేతులు చెవుల మీంచి దించాడు.

"ఇప్పుడు ఎవరికి సెప్తాండావు సుబ్బన్నా?" అన్నాడు. "ఇనాల్సినోడు యాడుండాడు?"