కింది వరుస డబ్బాలు

అరవైల చివర్లో ఓ అక్టోబరు. ఉత్తర సరిహద్దులో మా పోస్టుకు చేరాను. రాతి బంకరు, కిరోసిన్ పొయ్యి, చుట్టూ మంచు. నెలాఖరుకు కనుమ మూసుకుపోయింది. ఇక వేసవి దాకా కంచరగాడిదలు రావు. అప్పటికే పైకి చేరిన సరుకే తిండి. ఒంటికి బలమిచ్చేది డబ్బాల్లో వచ్చే మాంసం ఒక్కటే.

పెట్టెల మీద తనిఖీ ముద్ర చూసి మురిసిపోయాను. కింద సైన్యపు సరుకుల డిపోలో ఆ ముద్ర వేసేది సూరన్న బావ, మా అక్క మొగుడు. నెల్లిమర్ల నుంచి తీసుకెళ్లి నన్ను సైన్యంలో చేర్పించింది ఆయనే.

ఏ పెట్టె తెరిచినా పైవరుస డబ్బాల్లో గట్టి ముక్కలు. కింది వరుసల్లో నీళ్లు, తోలు, కొవ్వు. మా వంటవాడు పాలకొండ మనిషి. గరిటెతో తిప్పి చూపించాడు.

"సూడన్నా, ఇందులో మాంసమేటున్నాది?"

"మా బావ సూసి పంపిన సరుకురా. ఏవో రెండు పాడయ్యుంటాయి," అన్నాను.

చలి ముదిరింది. అందరం చిక్కిపోయాం. సిగ్నల్‌మన్ రేడియోలో కిందికి చెప్పాడు. "సరుకు తనిఖీ అయింది. ఓవర్," అని జవాబొచ్చింది.

ఆ సిగ్నల్‌మనే ఓ మధ్యాహ్నం ఏరియల్ సరిచేయడానికి తాడు పట్టుకుని వాలు ఎక్కాడు. చేతులు పట్టు తప్పాయి. లోయలోంచి శవాన్నే పైకి తెచ్చాం. నీరసం వల్లేనని నిరూపించలేను. కానీ అప్పటికి మాలో ఎవరి చేతుల్లోనూ సత్తువ లేదు.

కనుమ తెరుచుకున్నాక సెలవు మీద ఊరొచ్చాను. బావ కూడా సెలవులోనే ఉన్నాడు. జూట్ మిల్లు వెనక వీధిలో అడిగాను.

"డబ్బాలు ఇప్పి సూసినావా బావా?"

"పైవరుస ఇప్పి సూసినాం. బాగున్నాయి."

"కిందవి?"

బావ మిల్లు గోడకేసి తిరిగాడు.

"తెలుసురా. పైనోళ్లు కానీమన్నారు, ముద్రేసినాను. అవి నీ పోస్టుకొస్తాయని నాకేటి తెలుసు? తెలిస్తే మంచివే ఏరి పంపుదును కదా."

నన్ను ఓదారుస్తున్నాననే అనుకున్నాడు. చనిపోయిన సిగ్నల్‌మన్‌కి డిపోలో ఏ బావా లేడు కదా అని చెప్పబోయాను. అప్పటికే ఆయన నా భుజం తట్టి ఇంటిదారి పట్టాడు.

ఇంటికెళ్లాం. అక్క కోడికూర వండింది. బావ నా పక్కనే కూర్చున్నాడు. గిన్నెలో చెయ్యి పెట్టి, మెత్తటి ముక్కలు చూసి చూసి నా కంచంలో వేశాడు.

"తినురా, సిక్కిపోనావు."

అక్క మా ఇద్దరినీ చూసి నవ్వుతోంది. నేను ముద్ద ముట్టకుండా లేచిపోయాను.

ఈ వయసులోనూ ఎవరైనా కూర వడ్డిస్తే నాకు ఆ వేళ్లే కనిపిస్తాయి. నూనెతో మెరుస్తూ, ఎంతో ప్రేమగా, నాకోసం మంచి ముక్క వెతుకుతూ.