సన్న తీగ మీద నా వేలు

"వేలు తియ్యకు," అన్నారాయన.

"కుక్కరు దింపి వస్తానండి. అన్నం ముద్దయితే మళ్ళీ మీరే సణుగుతారు," అన్నాను.

మా ఇద్దరి మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవి. నేను వంటింట్లోంచి వచ్చేసరికి ఆయన గిటారు మీదికి ఒరిగిపోయి ఉన్నారు. కుక్కరు దింపినందుకు నన్ను నేను తిట్టుకోను. అన్నం దింపాల్సిందే కదా. నా భయం వేరు. తీగ మీద నా వేలు ఎక్కడ ఉండేదో, అక్కడి నుంచి లేచి ఎక్కడ వాలాలో మరిచిపోతానేమోనని. ఈ మధ్య చెయ్యి తడబడుతోంది. అందుకని చెబుతున్నాను, నా ఆడపడుచు కూతురు రాస్తోంది. నాకు సంతకం పెట్టడం వరకే వచ్చు.

ఆయనది రేపల్లె. కుర్రతనంలో ఆదివారం చర్చిలో ఆరాధన అవగానే రైలెక్కి తెనాలి పోయి, నాటకాలకు వాయించే ఒక పెద్దాయన దగ్గర గిటారు నేర్చుకున్నారు. వేళ్ళ మధ్య ప్లాస్టిక్ రేకు పట్టుకుని టకటకా కొట్టే రకం కాదు. నైలాను తీగలు, ఒళ్ళో పెట్టుకుని ఒక్కో తీగనూ ఒక్కో వేలితో మీటే రకం. అందుకని కుడిచేతి గోళ్ళు పెంచేవారు. బాపట్లలో కాపురం పెట్టిన కొత్తలో పక్కింటావిడ ఊరుకోలేదు.

"ఏంటమ్మా, మీ ఆయన గోళ్ళకి రంగు కూడా నువ్వే వేస్తావా?"

"వేస్తే నీ గోళ్ళకంటే బాగానే ఉంటాయిలే అక్కా," అన్నాను.

నాకేమో గోళ్ళు లేవు. పాసింజరు బండిలో వేటపాలెం పోయి జీడిపిక్కలు కొట్టేదాన్ని. ఆ తొక్కలోని జిడ్డు చర్మాన్ని కాల్చేస్తుంది. గోళ్ళు పెళుసెక్కి రాలిపోయాయి. వేళ్ళ చివర్లు చెప్పు అట్టలా మొద్దుబారాయి.

తర్వాత ఆయనకు పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. రేపల్లె వచ్చేశాం. మాట, కుడిచెయ్యి మిగిలాయి. ఎడమచెయ్యి తీగను నొక్కితేనే కదా కుడిచెయ్యి మీటినదానికి అర్థం. చాలాకాలం గోడకేసి చూస్తూ పడుకున్నారు. ఒక రోజు ఉన్నట్టుండి, "ఇదిగో, నీ ఎడమ చెయ్యి ఇటివ్వు," అన్నారు.

"దేనికండీ?"

"అరువుకి. మళ్ళీ ఇవ్వను."

అప్పటి నుంచి మంచం మీద ఆయన ఎడమ పక్కన ఆనుకుని కూర్చునేదాన్ని. ఆయన చెప్పిన చోట నేను నొక్కడం, ఆయన మీటడం. ఇద్దరికీ కలిపి ఒక గిటారు. నా మొద్దు వేళ్ళకు తీగ కోసుకోవడం కూడా తెలిసేది కాదు. సన్నటి ఉప్పుకాగితంతో ఆయన గోళ్ళు నున్నగా రుద్దే పనీ నాదే.

ఒకసారి రెండు తీగలు కలిపి మీటారు. పంటి కింద రాయి పడ్డట్టు అయింది నాకు.

"ఏంటండీ ఇది? తప్పు నొక్కానా?"

"సరిగ్గానే నొక్కావే. దీని పేరు ట్రైటోన్. చెడ్డది కాదు, పాపం, నిలవలేదంతే."

తీగ కింద అడ్డంగా బద్దలుంటాయి, వాటిని మెట్లు అనేవారు. ఒక స్వరం నుంచి అదే స్వరం పైన మళ్ళీ వినపడే చోటికి పన్నెండు మెట్లు. సరిగ్గా ఆరో మెట్టు దగ్గర ఉంటుంది ఇది. "తెనాలి నుంచి వచ్చే బండి సగం దారిలో ఆగిపోయిందనుకో. ముందుకు నడిచినా వెనక్కి నడిచినా అంతే దూరం. అదీ దీని బతుకు," అన్నారు. మన పాటకచేరీలవాళ్ళు దాన్నే ప్రతిమధ్యమం అంటారట. వాళ్ళ దగ్గర హాయిగా కూర్చుంటుందట. ఆయన వాయించే పాటల్లో మాత్రం కూర్చోదు, ఇల్లు చేర్చమని పోరు పెడుతుంది.

నాకు తడి చీర గుర్తొచ్చింది. ఇద్దరు చెరో కొస పట్టుకుని లాగితే చీర బిగిసి నిలబడుతుంది. ఎంతసేపని లాగుతారు? చివరికి ఒకరివైపు ఒకరు నడిచి కొసలు కలపాల్సిందే. అదే చెప్పాను. "అయితే మధ్యలో వదిలెయ్యకు తల్లీ, కింద పడితే మళ్ళీ ఉతకాలి," అని నవ్వారు.

వేలు చోటు చెబుతాను, జాగ్రత్తగా రాయి. అన్నిటికంటే సన్న తీగ, దాని మొదటి మెట్టు. అక్కడ నా చూపుడు వేలు. పక్క తీగను ముట్టుకోకూడదు. రెండూ కలిపి మీటితే ఆ లాగుడు వినపడుతుంది. ఇప్పుడు వేలు లేపి పక్క తీగ మీద, మళ్ళీ మొదటి మెట్టులోనే వెయ్యాలి. పై స్వరం ఒక మెట్టు దిగుతుంది, కింది స్వరం ఒక మెట్టు ఎక్కుతుంది. చీర మడత పడుతుంది. కదిలేది ఒక్క వేలే.

ఆయనకు తొందర ఉండేది కాదు. ఇంకాస్త లాగనిద్దామని ఆ చోటుకు రాగానే వేలు తియ్యకు అనేవారు. ఆ రోజు కుక్కరు కోసం లేపిన వేలు మళ్ళీ పక్క తీగ మీద వాలలేదు. ఒక కొస నడిచొచ్చింది, రెండో కొస అక్కడే నిలబడిపోయింది.

పెట్టెలో పడుకోబెట్టే ముందు ఆయనకు స్నానం చేయించి తెల్ల చొక్కా తొడిగారు. చూస్తే కుడిచేతి గోళ్ళు మొదలంటా కత్తిరించి ఉన్నాయి.

"మంచాన పడ్డ మనిషి, పెరిగిపోయాయమ్మా. ప్రభువు దగ్గరికి శుభ్రంగా వెళ్ళాలిగా," అంది నా ఆడపడుచు.

ఏడుస్తూ చేసిన పని. ముక్కలు ఏరుకుందామని వంగాను. అప్పటికే ఊడ్చేశారు.

"ఇది కూడా రాయాలా అత్తా?" అంటోంది పిల్ల. రాయి. మీ అమ్మ మీద నాకు కోపం లేదు. తమ్ముడు చిన్నప్పుడు గోళ్ళు తీసిన చెయ్యే అది.

తర్వాత గిటారు తెనాలిలో వాయిద్యాల కొట్టుకు తీసుకుపోయాను. "నేను నొక్కుతాను, నువ్వు మీటు బాబూ," అంటే కొట్టతను ప్లాస్టిక్ రేకు తీసి మీటాడు. "శ్రుతిలోనే ఉందమ్మా, బాగుచెయ్యడానికి ఏం లేదు," అన్నాడు. నిజమే, మడత పడింది. అవతలి కొస పట్టుకున్న చెయ్యి మాత్రం ఎవరిదో. ఇంటికొచ్చి నా కుడిచేత్తోనే మీటి చూశాను. గోరు లేని వేలు, గుడ్డ దులిపినట్టు మోగింది.

ఇక మీటించుకోను. ఆయన కుడిచెయ్యి మట్టిలో ఉంది. ఎడమ చెయ్యి నా దగ్గర ఉంది. దాన్నన్నా పోగొట్టుకోకూడదు.

ఆ గిటారు ఇలా అందుకో అమ్మాయ్. ఒళ్ళో పెట్టు. ఇప్పుడు మొదటి నుంచి చదివి వినిపించు. వేలు చోటు వచ్చిన దగ్గర కాస్త మెల్లగా చదువు.