ఆ వీధిలో చెల్లే బిళ్లలు

మా పక్కింటి అంకుల్ పోయారు. కాఫీ కలిపి పిలిస్తే లేవలేదని సోమవారం పొద్దున ఆంటీ ఫోన్ చేశారు. ఆ మాట వినగానే నాకు ఏడుపు రాలేదు, భయం వేసింది. ఇక నేను ఎవరి దగ్గరికి వెళ్లి భయపడాలి?

అమెరికాలో, మోరిస్‌విల్‌లో మా రెండు టౌన్‌హోమ్‌లకీ మధ్య ఒకటే గోడ. రిటైరయ్యాక ఆయనకున్న పిచ్చి ఒక్కటే, పాతకాలం ఇంగ్లండ్ టావెర్న్‌ల టోకెన్లు. మొదటిసారి ఆ మాట విని, "టిఫిన్ సెంటర్‌లో ఇస్తారే, అవా అంకుల్?" అని అడిగాను. పగలబడి నవ్వారు.

"అవేనమ్మా! ఇడ్లీ బదులు బీరు, అంతే తేడా."

చిల్లర దొరక్క ఆ రోజుల్లో టావెర్న్ యజమానులే ఇత్తడి, రాగి బిళ్లలు వేయించుకునేవారట. ఒకవైపు సింహమో సూర్యుడో, ఆ కొట్టు గుర్తు. రెండోవైపు ఇంటిపేరు మొదటి అక్షరం, దాని కింద మొగుడూ పెళ్లాల పేర్లవి. ఆంటీ ఆ భార్య అక్షరం చూపించి, "చూశావా, అప్పుడే క్రెడిట్ ఇచ్చారు. మా మెయిల్‌బాక్స్ మీద నా పేరు ఇప్పటికీ లేదు" అనేవారు.

మా ఆఫీసులో లేఆఫ్‌లు మొదలైన రోజు మా ఇంటి తలుపైనా తీయకుండా కారు తిన్నగా వాళ్ల ఇంటి ముందు ఆపాను. ఈ భయం మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. నా మనసు మళ్లించాలని కాబోలు, ఆయన ఒక బిళ్ల నా అరచేతిలో పెట్టారు.

"ఇది ఆ వీధిలోనే చెల్లుతుందమ్మా. టావెర్న్ మూతపడితే ఉత్త ఇత్తడి ముక్క."

"నా హెచ్‌వన్‌బీ వీసా కూడా అంతేగా అంకుల్. ఈ కంపెనీవాళ్లు తీసేస్తే ఈ దేశంలో నేనూ చెల్లను."

పాపం, నాలుక కరుచుకున్నారు. "పక్క టావెర్న్ వాడు తెలిసినవాడైతే తీసుకునేవాడులే" అని ఏదో సర్దబోయారు. అప్పటినుంచి ఎప్పుడు కనిపించినా "చెల్లుతున్నావా?" అని అడిగేవారు. "ఇవాళ్టికి చెల్లాను అంకుల్" అనేదాన్ని. అదే మా పలకరింపు.

అంత్యక్రియలయ్యాక నిన్న వాళ్ల వంటింట్లో ఆంటీ దగ్గర కూర్చున్నాను. మా మేనేజర్ "కాసేపట్లో కాల్ చేస్తాను" అని మెసేజ్ పెట్టాడు. ఎందుకో చెప్పలేదు. ఫోన్ బల్ల మీద పెట్టేశాను.

"అంకుల్ ఉంటే ధైర్యం చెప్పేవారు" అన్నాను.

"ఆయనకి ధైర్యమా? గ్రీన్ కార్డ్ వచ్చేదాకా రోజూ భయపడుతూనే ఆఫీస్‌కి వెళ్లేవారు. ఈ బిళ్లలు కలెక్ట్ చేయడం అప్పుడే స్టార్ట్ చేశారు. కొట్లు మూతపడినా వీటిని ఎవరో దాచుకున్నారు కదా, అనేవారు."

ఆయనకీ భయమేనని నాకు ఇన్నేళ్లూ తెలియలేదు.

బల్ల మీద నా ఫోన్ మోగింది. ఆంటీ లేచి స్టవ్ ఆపేసి, తన కుర్చీ లాక్కొచ్చి నా పక్కన వేసుకున్నారు. ఫోన్ ఇంకా మోగుతూనే ఉంది.