గోడకు నాలుగు గంటలు

చైనా గోడ మీద నడవాలన్న పంతం నాకు ఒక హెడ్మాస్టరు వల్ల పట్టింది. కోనరావుపేటలో సోషల్ టీచరుగా ఉన్నప్పుడు ఒకరోజు ఆ గోడను నల్లబల్ల ఈ చివర నుంచి ఆ చివర దాకా గీసి పాఠం చెబుతున్నాను. ఆయన గుమ్మంలో నిలబడి, "ఏం టీచరమ్మా, చూసచ్చినట్టే చెప్తున్నవ్! రోజు ఆ గోడ మీద నడ్సుకుంటనే బడికస్తున్నవా ఏంది?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఆయన రిటైరయ్యాడు, చనిపోయాడు కూడా. నేను మరచిపోలేదు.

మరచిపోవడం నాకు చేతకాదు. మా ఆడబిడ్డ పెళ్లిలో ఫొటో దిగుతుంటే నన్ను పక్కకు జరగమన్నది ఎవరో ఇప్పటికీ చెప్పగలను. అన్నిటికన్నా పెద్ద ఫిర్యాదు మా ఆయన మీద. ఆయన సౌదీలో ఉన్నప్పుడు మా నాన్న చనిపోయాడు. కబురు చేస్తే రాలేదు. పెద్దల్లుడు ఏడని వచ్చినవాళ్లంతా నన్నే అడిగారు. ఇరవై ఏళ్లుగా మా ఇంట్లో ఏ గొడవ మొదలైనా నేను దాన్ని అక్కడికి తెచ్చే ముగిస్తాను. ఆయన ఒక్కసారీ జవాబు చెప్పలేదు.

పోయిన ఏడు కోరుట్ల నుంచి ఆడబిడ్డ ఫోన్ చేసింది. "వదినా, చైనా టూరంట. తెలుగు గైడ్ ఉంటడట, మన తిండే పెడుతరట. బీజింగ్ల గోడ, షియాన్ల మట్టి సిపాయిలు, గుయిలిన్ల పడవ, ఆఖర్కి షాంఘై. ఎప్పుడు గోడ గోడ అంటవు గదా, పా!"

ఆ రాత్రే నోటుబుక్కు తీశాను. రోజుకో పేజీ కేటాయించి ఊళ్లు, రైళ్లు, హోటళ్లు రాసుకున్నాను. టూరు వాళ్లు పంపిన కాగితంలో గోడకు రెండు గంటలే ఉన్నాయి. పట్టు దుకాణానికి మూడు గంటలు. మగ్గాల సిరిసిల్ల నుంచి అంత దూరం పోయి మళ్లీ బట్టలే చూడాలా అని ఏజెంటుకు ముమ్మారు మెసేజ్ పెట్టాను.

పాస్‌పోర్టులు ఏజెంటుకు ఇచ్చే రోజు మా ఆయనా నేనూ చందుర్తి మీదుగా కోరుట్లకు బస్సులో పోయాం. అక్కడ ఆడబిడ్డను ఎక్కించుకుని జగిత్యాల చేరాం. టూరు ఆఫీసు మేడ మీద. మూడో మెట్టు మీద మా ఆయన ఆగిపోయాడు.

"ఏమైంది?"

"ఏం లేదు, పా."

లోపల గోడకు చైనా గోడ బొమ్మ పెద్దది తగిలించి ఉంది. దాని చుట్టూ రంగు వెలిసిపోని చారలు. అంతకుముందు అక్కడ ఇంకా పెద్ద పటం ఏదో ఉండేదని తెలుస్తోంది. ఏజెంటు ముప్పై దాటని మనిషి, మర్యాదస్తుడు. "మా బాపు మందిని గల్ఫ్‌కు తోలేటోడు మేడం. నేను టూర్లేస్తున్న," అంటూ నాదీ ఆడబిడ్డదీ పాస్‌పోర్టులు ఒక్కచోట పేర్చి రబ్బరు బ్యాండు వేశాడు. "వీసా అచ్చేదాంక నా దగ్గరుంటయి. ఆడ దిగినంక గైడ్ దగ్గరుంటయి. మీకు టెన్షనే లేదు."

మా ఆయన తన పాస్‌పోర్టు మీద నుంచి చెయ్యి తీయలేదు.

"నాది ఇయ్య."

"అన్నా, గది గల్ఫు, గిది టూరు," అని ఆడబిడ్డ నవ్వింది. "ఆడ గొర్లు కాయవోతున్నవా ఏంది?"

ఆయన ఏజెంటునే చూస్తున్నాడు. "గీ కుర్చీలనే మీ బాపు కూసుండె. గిట్లనే రబ్బరేసిండు. ఆడ దిగంగనే సేటు గుంజుకున్నడు. మా మామ సచ్చిపోయిన నాడు గా పాస్‌పోర్టు కోసం ఆని కాళ్లు మొక్కిన. ఇయ్యలే."

అందరూ నన్నే చూశారు.

నాది కూడా తీసేసుకోవాల్సింది. కానీ ఏజెంటు తల వెనకే గోడ బొమ్మ ఉంది, ఆ హెడ్మాస్టరు నవ్వు చెవిలో ఉంది. "రసీదు రాసియ్యి," అన్నాను.

"గిప్పటిదాంక ఎవ్వలడగలే మేడం. నమ్మకం మీదనే నడుస్తది."

రసీదు రాలేదు. పాస్‌పోర్టు వదిలేశాను.

తిరుగు బస్సులో మా ఆయన చొక్కా జేబు మీద చెయ్యి పెట్టుకునే కూర్చున్నాడు. "గిన్నేండ్లు ఎందుకు చెప్పలే?" అన్నాను చందుర్తి దాటాక.

"చెప్తె ఏం జేస్తువు? కలెక్టర్‌కు దరఖాస్తు పెడుతువు."

"పెడుదు మరి!"

ఆయన కిటికీ వైపు తిరిగాడు.

మొదట్లో టూరు వాట్సాప్ గ్రూపులో రోజూ ఫొటోలు వచ్చేవి. స్వెట్టర్లు తెచ్చుకోండి, పచ్చళ్లు గట్టిగా కట్టండి అని సలహాలు. తర్వాత తేదీ ఒకసారి మారింది. మళ్లీ మారింది. ఒక సాయంత్రం నాకు విడిగా మెసేజ్ వచ్చింది: "మేడం, గోడకు నాలుగు గంటలు చేసిన. ఖుషేనా?" నేను గెలిచానని ఆడబిడ్డకు ఫోన్ చేసి చెప్పాను కూడా.

ఆ తర్వాత గ్రూపులో ఏమీ రాలేదు. ఫోన్ చేస్తే మొదట్లో "ప్రాసెస్‌ల ఉంది" అనేవాడు. తర్వాత "రేపు" అన్నాడు. ఇప్పుడు ఫోన్ మోగి మోగి ఆగిపోతుంది. జగిత్యాల పోతే ఆఫీసు తెరిచే ఉంది, ఫ్యాను తిరుగుతోంది, కుర్చీలో ఎవరూ లేరు. సాయంత్రం దాకా కూర్చుని వచ్చాను.

పొద్దున చాయ్ తాగుతూ మా ఆయన అడుగుతాడు, "అచ్చిందా?" ఎత్తిపొడుపుగా అడిగితే నాకు జవాబుండేది. అలా అడగడు.

నిన్న కలెక్టర్‌కు దరఖాస్తు రాద్దామని తెల్లకాగితం తీసుకుని కూర్చున్నాను. మురుగు మోరీకి, రోడ్డుకు, పింఛన్లకు ఎన్నో రాసిన చేతే. "గౌరవనీయులైన" అన్న మాట దగ్గర కలం ఆగిపోయింది. ఏమని రాయాలి? ఎవరూ గుంజుకోలేదు, నేనే ఇచ్చాను. ఇంకా ఏమీ జరగలేదు కూడా.

మా ఆయన వచ్చి నా భుజం మీదుగా ఆ ఒక్క మాటా చదివాడు.

"నేను గూడ గిట్లనే కూసుండేటోన్ని," అన్నాడు. "మీ నాయిన పోయినప్పుడు. ఉత్తరంల క్షేమం అని రాసి, అటెనుక ఏం రాయాల్నో ఎర్కలేకుండె."

కాగితం ఇంకా బల్ల మీదే ఉంది.